సంపాదక శిరోమణి చిఱ్ఱావూరి యజ్ఞేశ్వర చింతామణిగారు



పెద్దల చరిత్రములు వ్రాయువారు తఱచుగా రెండు పొరపాట్లు చేయుచుందురు. చరిత్రనాయకుడు తొట్టిలో నున్ననాడే సకలసద్గుణ సంపన్నుడై యుండెనని చెప్పుట మొదటిది. ఆయన జీవితమున గలిగిన యపజయములను గప్పిపుచ్చుట రెండవది. మొదటిదానివలన బాలురకు నిరుత్సాహము గలుగును. తాము పుట్టుకతో నంతటివారము కామని వారెఱుగుదురు గదా. రెండవదానివలన బెద్దలకు నమ్మకము తప్పును. ఈ రెండింటికిని జోటీయక, ఉన్నదున్నట్లు చెప్పినను గౌరవము తఱుగని జీవితము లరుదు. విజయనగరమున బుట్టి, ప్రయాగలో గీర్తిశేషులైన సర్ చిఱ్ఱావూరి యజ్ఞేశ్వర చింతామణిగారి జీవితము అట్టి యరుదైన వానిలో నొకటి. ఉత్తరహిందూస్థానమున సి. వై. చింతామణి యను పేర నొకప్పుడు చదువుకొన్నవారిలో నాయన నెఱుగనివారు లేరు. ఆయన పుట్టిన తెలుగునేలయందు మాత్రము నేడు ఆయనను దలచువారు కొలదిమంది. ఈ కొఱతను గొంత తీర్చుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

నేడు దీపములు పెట్టువేళకు బ్రతియింటను టెలివిజను పెట్టె ముందఱ రాజకీయ చర్చ యారంభమగును. మఱునాటి యుదయమున నమలాపురము గడియారస్తంభము నొద్దను, రాజోలు, కొత్తపేట బజారులలోను జనులు ముచ్చటించునది రాత్రి వినిన యా చర్చనే. ఎవరి గొంతు హెచ్చుగ వినవచ్చిన వారిదే గెలుపని తలచు కాలమిది. ఇట్టి కాలమున, గొంతు నెత్తక, కలమును గాగితమును మాత్రమే యూతగా గొని, ముప్పదియేండ్లకు బైగా నొక మహారాష్ట్రముయొక్క రాజకీయ జీవితమును దీర్చిన యొక తెలుగువాని కథ వినదగినది. రాజకీయములను వ్రాయువానికి గావలసినది గొంతా, చదువా, ధైర్యమా యను ప్రశ్నకు ఆయన జీవితమే ప్రత్యుత్తరము.

చింతామణిగారు 1880వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీని, విక్రమనామ సంవత్సర యుగాదినాడు విజయనగరమున జన్మించిరి. తండ్రి చిఱ్ఱావూరి రామసోమయాజులుగారు వైదికవిద్యయందు నిష్ఠగలవారు. ఆనాటి విజయనగరము సామాన్యమైన పట్టణము గాదు. పూసపాటి ప్రభువుల యాదరణమున నచట వేదపండితులును, గాయకులును, ఆంగ్లవిద్యావంతులును నొక్కచోట మెలగుచుండిరి. ఆనంద గజపతి మహారాజుగారి యాస్థానమును, మహారాజావారి కళాశాలయు నాంధ్రదేశమున కంతకును దలమానికములై యుండెను. 1897లో మొదట ముద్రింపబడిన కన్యాశుల్కమును గురజాడ అప్పారావుగారు రచించిన దచ్చటనే. పాతకొత్తలు రెండును నొకదాని నొకటి ప్రశ్నించుకొనుచున్న యా వాతావరణమున బాలుడైన చింతామణి పెరిగెను. ఇంట స్వరముతో వేదము, బయట నాంగ్లపత్రిక. రెండింటను గావలసినది ధారణయే. విన్నదానిని, జదివినదానిని మఱవకుండుట యను నా వంశవిద్యయే పిమ్మట నాయనకు వృత్తియం దాయుధమైనది.

ఆయన మహారాజావారి కళాశాలలో జదివిరి గాని పట్టభద్రులు కాలేదు. ఉపాధ్యాయవృత్తియందు దలనెఱసిన నావంటివాడు ఈ మాటను గొంచెము నొక్కి చెప్పవలసియున్నది. పరీక్షలో దప్పిన కుమారుని జూచి యింటిల్లిపాదియు శోకించు తలిదండ్రులు మనలో బెక్కుమంది గలరు. పరీక్ష చదువునకు గొలబద్దయే గాని చదువు కాదు. చింతామణిగారు కళాశాలను విడిచినారు గాని చదువును విడువలేదు. శాసనసభల చర్చలు, ప్రభుత్వ సంఘముల నివేదికలు, ఆదాయవ్యయ పట్టికలు, ఆంగ్లదేశ రాజకీయజ్ఞుల యుపన్యాసములు మున్నగు, సామాన్యులు నీరసములని పక్కకు ద్రోయునవి యన్నియు నాయనకు నిత్యపారాయణ గ్రంథములయ్యెను. ఏ సంవత్సరమున నే మంత్రి యే సభలో నేమి వాగ్దానము చేసెనో తేదీతో గూడ జెప్పగలుగుట యాయనకు బ్రసిద్ధి దెచ్చిన విద్య.

పదునెనిమిదేండ్ల ప్రాయముననే యాయన పత్రికారంగమున బ్రవేశించిరి. విశాఖపట్టణమున వైజాగ్ స్పెక్టేటర్ అను నాంగ్లపత్రిక యుండెను. దానికి సంపాదకులై, పిదప దానిని స్వయముగ జేపట్టి, విజయనగరమునకు దరలించి, ఇండియన్ హెరాల్డు అను పేర నడపిరి. చిన్నయూరి పత్రికకు సంపాదకుడనగా నానాడు పెద్ద యధికారి గాడు. వార్తలు వ్రాయువాడును, అచ్చుప్రతులు దిద్దువాడును, చందాలు వసూలుచేయువాడును నతడే. ఆ పత్రిక చిరకాలము నిలువలేదు. ఇది యాయన మొదటి యపజయము. కాని పత్రికయనునది యెట్లు పుట్టునో, యెట్లు బ్రదుకునో, యెందువలన జచ్చునో యిరువది యేండ్లు నిండకమునుపే చేతులార నేర్చుకొనుట వలన గలిగిన లాభము నష్టముకంటె నెక్కువయని తరువాతి చరిత్ర చెప్పుచున్నది.

అటుపిమ్మట నాయన చెన్నపట్టణము చేరిరి. 1878లో హిందూ పత్రికను స్థాపించినవారిలో నొకరైన జి. సుబ్రహ్మణ్య అయ్యరుగారి సాన్నిధ్యమున బత్రికాకార్యమునందు మెఱుగు దేఱిరి. 1901లో, తమ యిరువదియొకటవ యేట, సంఘసంస్కరణమును గూర్చి దేశమందలి ప్రముఖులు వ్రాసిన వ్యాసములను, జేసిన యుపన్యాసములను గూర్చి యొక పెద్ద గ్రంథముగ నాంగ్లమున బ్రకటించిరి. స్త్రీవిద్య, బాల్యవివాహము, వితంతువుల దుస్థితి, సముద్రయానము మున్నగు విషయములు దానియందు జర్చింపబడినవి. సోమయాజిగారి కుమారుడు, మీసములు దిట్టముగ రాని ప్రాయమున, తన వర్గమువారికి రుచింపని ప్రశ్నలను దానే ప్రోగుచేసి లోకము ముందుంచెను. కులసంఘముల వార్షిక సంచికలలో మనవారి ఘనతను జెప్పుకొనుట సహజమే. కాని యీ మహనీయుని ఘనత తనవారిని బొగడుటతో గాక, తనవారిని బ్రశ్నించుటతో నారంభమైనదని చదువరులు గమనింతురు గాక.

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న మన సీమనుండి పూర్వము పెద్దలు కాశీప్రయాగలకు దీర్థయాత్ర బోయెడివారు. రైలుదారి లేని దినములలో బోయినవారు తిరిగివత్తురను నమ్మకము తక్కువ. చింతామణిగారును ప్రయాగకు బోయి తిరిగి యింటికి నివాసమునకు రాలేదు. కాని యాయన పోయినది స్నానమునకు గాదు, పనికి. 1903 ప్రాంతమున నచట సచ్చిదానంద సిన్హాగారు నడపుచుండిన ఇండియన్ పీపుల్ అను పత్రికయందు బ్రవేశించిరి. భాష వేఱు, ఆచారము వేఱు, తిండి వేఱు. బంధువు లెవరును లేరు. ఆ కాలమున జాతీయ మహాసభకు బెద్దదిక్కైన ఫిరోజిషా మెహతాగారి యుపన్యాసములను, వ్రాతలను సంకలనము చేసి 1905లో బ్రకటించిరి. స్వదేశీయోద్యమము సాగుచున్న యా యేండ్లలోనే భారత పారిశ్రామిక మహాసభయొక్క కార్యాలయమున ముధోల్కరుగారికి సహాయులై పనిచేసి, దేశమందలి పరిశ్రమల స్థితిగతులను లెక్కలతోసహా తెలిసికొనిరి. పదునైదేండ్ల పిమ్మట నాయన పరిశ్రమలశాఖకే మంత్రి యగుదురని యప్పు డెవరును దలంచియుండరు.

1909వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీ విజయదశమి. ఆనాడు పండిత మదనమోహన మాలవీయగారి పూనికచే ప్రయాగలో లీడరు అను నాంగ్ల దినపత్రిక వెలువడెను. అప్పటివఱకు నడచుచుండిన ఇండియన్ పీపుల్ దానిలో గలిసిపోయెను. పత్రికా సంస్థకు మొదటి యధ్యక్షులు పండిత మోతీలాలు నెహ్రూగారు. చింతామణిగారు నాటనుండి యా పత్రికకు బ్రాణమైరి. వారి వయస్సప్పుడు ఇరువదితొమ్మిది. పత్రిక పుట్టిన నాలుగుమాసములకే, 1910 ఫిబ్రవరిలో, క్రొత్త ముద్రణశాసనము వచ్చెను. దానిచే అచ్చుకూటములవారు, పత్రికలవారు వేలకొలది రూపాయలు ధరావతు చెల్లింపవలసియుండెను. వ్రాసినది యధికారులకు రుచింపనిచో ధరావతు పోవును, మఱల వ్రాసిన అచ్చుకూటమే పోవును. అట్టి శాసనము క్రింద నిర్భయముగ వ్రాయుటయు, బత్రికను బ్రదికించుకొనుటయు గత్తిమీది సాము. ఎందఱో సంపాదకులు మౌనమునో, చెఱసాలనో యాశ్రయించిరి. చింతామణిగారు మూడవదారి ద్రొక్కిరి. ప్రభుత్వముపై జేయు ప్రతి యభియోగమునకును బ్రభుత్వముయొక్క కాగితములనే సాక్ష్యముగ జూపుట యా దారి.

ఈ పద్ధతిని గొంత వివరింపవలసియున్నది. ఒక యధికారి విద్యకు ధనము లేదని సభలో జెప్పినాడనుకొందము. ఇతర పత్రికలవారు కోపముతో నొక వ్యాసము వ్రాయుదురు. చింతామణిగారు పదియేండ్ల యాదాయవ్యయ పట్టికలను ముందిడుకొని, ఏ యేట నెంత మిగిలినది, దేనికి వెచ్చించినారు, అదే యధికారికి ముందున్నవాడు ఏమి మాట యిచ్చినాడు, అని వరుసగా జూపి, చివర నొక చిన్న వాక్యమున దమ యభిప్రాయము చెప్పుదురు. తిట్టు లేదు, కేక లేదు. కాని జవాబు చెప్పుటకు వీలును లేదు. తర్కశాస్త్రమున హేతువు లేని ప్రతిజ్ఞ నిలువదని మనము చదువుకొంటిమి. ఆ నియమమును దినపత్రికలో బ్రతిదినమును బాటించినవా డాయన. అందుచే లీడరును ద్వేషించు నధికారులుగూడ దానిని జదువక యుండలేకపోయిరి. వారి శైలి దీర్ఘమైనదని, గంభీరమైనదని, హాస్యము తక్కువయని యనువా రుండిరి, అది నిజమే. లెక్కలను నమ్మినవాని కలము గంతులు వేయదు.

1918లో దేశరాజకీయములు రెండుపాయలైనవి. మాంటేగు చెమ్సుఫర్డు సంస్కరణలు చాలవు, తగవు, అనువారు మహాసభయందు బలపడిరి. వానిని గైకొని, పనిచేసి, తక్కినవి సాధింతమనువారు వేఱుపడి, ఆ నవంబరునందు బొంబాయిలో సురేంద్రనాథ బెనర్జీగారి యధ్యక్షతను సభచేసి, జాతీయ ఉదారపక్షముగ నేర్పడిరి. జనులు వీరిని మితవాదులని పిలిచిరి. చింతామణిగారు వీరిలో జేరిరి. మోతీలాలుగారు వేఱుదారి బట్టి, 1919 ఫిబ్రవరిలో ఇండిపెండెంటు అను దినపత్రికను ప్రయాగలోనే స్థాపించిరి. ఒకే పట్టణమున, నొకప్పుడు కలసి పనిచేసినవారు, ఎదురెదురు పత్రికలతో నిలిచిరి. ఆ క్రొత్త పత్రిక కొలదియేండ్లకే నిలిచిపోయినది, లీడరు నిలిచినది. అయినను బ్రజల హృదయము పోయినవైపు మాత్రము లీడరువైపు గాదు.

మితవాదులనగా బ్రభుత్వమునకు దాసులని తలచుట యన్యాయము. రౌలటు శాసనములను వారు నిరసించిరి. 1919లో బంజాబున జరిగిన ఘోరములను లీడరు ఖండించినది. ఆ సంవత్సరముననే చింతామణిగారు తమ పక్షముయొక్క ప్రతినిధివర్గముతో ఆంగ్లదేశమునకు బోయి, హిందూదేశమునకు రాబోవు రాజ్యాంగ శాసనమును గూర్చి వాదించిరి. 1920లో చెన్నపట్టణమున జరిగిన ఉదారపక్ష మహాసభ కాయన యధ్యక్షులైరి. అప్పటికి వారి వయస్సు నలువది. గాంధీమహాత్ముని సహాయనిరాకరణము దేశమును బ్రళయవాయువువలె గదల్చుచున్న కాలమది. శాసనముల నుల్లంఘించుట నేర్చిన ప్రజ రేపు తన ప్రభుత్వము శాసనములనుగూడ గౌరవింపదని యాయన భయము. ఆ భయము సరియైనదో కాదో నేటివారు తమ యనుభవము ననుసరించి నిర్ణయించుకొందురు గాక.

1921లో సంయుక్త రాష్ట్రములలో, అనగా నేటి ఉత్తరప్రదేశములో, క్రొత్త శాసనసభ యేర్పడినప్పుడు చింతామణిగారు విద్యా పరిశ్రమల శాఖలకు మంత్రులైరి. రెండవ మంత్రి జగత్ నారాయణగారు. ఆనాటి రాజ్యాంగమునకు ద్వంద్వప్రభుత్వమని పేరు. రక్షకభటశాఖ, న్యాయము, భూమిశిస్తు, ధనము మున్నగునవి గవర్నరు చేతిలోను, అతని యాలోచనసభ చేతిలోను నుండును. విద్య, వైద్యము, పరిశ్రమలు, స్థానిక స్వపరిపాలనము మున్నగునవి ప్రజలచే నెన్నుకొనబడిన మంత్రుల చేతిలో నుండును. మన కోనసీమ రైతున కిది తేటగ దెలియవలెనన్న, పొలము నీదని యప్పగించి లాకు తాళపుచెవి మాత్రము వేఱొకని యొద్ద నుంచినట్లు. నీరు రాక పైరెండినచో దిట్లు రైతునకే.

అట్లున్నను వారు చేసినపని తక్కువ కాదు. ప్రయాగ విశ్వవిద్యాలయము 1921 శాసనముచే బోధనాప్రధానమైన విద్యాపీఠముగ బునర్నిర్మింపబడినది. హైస్కూలు, ఇంటర్మీడియేటు చదువులకు వేఱుగ బరీక్షామండలి 1921 శాసనముచేతనే యేర్పడినది. ఆ మండలి నేటికిని నడచుచున్నది. ప్రతివత్సరమును లక్షలకొలది బాలబాలికలు దాని పరీక్షలకు గూర్చుండుచున్నారు. పట్టపరీక్ష నెఱుగని మంత్రి కాలమున నింతటి పరీక్షామండలి పుట్టుట విధి విలాసము.

ఇక నాయన జీవితమున విమర్శకులు వ్రేలెత్తి చూపు ఘట్టమును దాటిపోరాదు. 1921 డిసెంబరులో నాయన మంత్రిగా నున్న ప్రభుత్వమే మోతీలాలుగారిని, జవహర్లాలుగారిని చెఱసాలకు బంపెను. పోలీసుశాఖ మంత్రులది కాదు. ఆ నిర్ణయము గవర్నరుది, అతని యాలోచనసభది. న్యాయశాస్త్రము ప్రకారము దోషము చింతామణిగారిది కాదు. కాని లోకము న్యాయశాస్త్రమును జదివి తీర్పుచెప్పదు. పాతమిత్రులు చెఱసాలలో నుండగా నీవు పీఠముమీద నుంటివే యని యడిగినది. ఆయన పీఠమును విడువలేదు. తాము జేపట్టిన శాఖలలో బనిచేసి చూపుటయే తమ ధర్మమని నమ్మినవారి నడవడియే నడచిరి. ఈ ఘట్టమున నాయన పక్షమున వాదింపవచ్చును, ఎదిరివాదమును జేయవచ్చును. ఆయనకు గలిగిన యప్రతిష్ఠ మాత్రము సత్యము.

అయితే పీఠముమీది మక్కువచేత నాయన నిలువలేదని ఋజువగుట కెక్కువకాలము పట్టలేదు. మొదటి గవర్నరైన హార్కోర్టు బట్లరు దొర 1922 చివర వెడలిపోయెను. పిదప వచ్చిన విలియం మారిస్ దొర మంత్రుల యధికారములోని విషయములయందు జోక్యము చేసికొనసాగెను. తమ శాఖలో దమ మాట చెల్లదని తేలినతోడనే, 1923లో చింతామణిగారు రాజీనామా చేసిరి. జగత్ నారాయణగారు వారితోపాటు తప్పుకొనిరి. మంత్రిపదవి యానాడు గొప్పగౌరవము, గొప్పవేతనము గలది. దానిని బ్రజలు నిందించినప్పుడు విడువక, గవర్నరు స్వాతంత్ర్యమును హరింపజూచినప్పుడు విడుచుట యాయన స్వభావమును దెలుపుచున్నది. నింద కాయన వెఱవలేదు. చేతులు కట్టుకొని కూర్చుండుటకు వెఱచిరి. మఱుసటి సంవత్సరము సంస్కరణల విచారణసంఘము ముందు సాక్ష్యమిచ్చుచు, ద్వంద్వప్రభుత్వమెట్లు పనికిరాదో తమ యనుభవమునుండి నిరూపించిరి. దానిని నడపి చూచినవాడు చెప్పిన మాట గావున దాని కెక్కువ విలువ కలిగినది.

1923 చివరి యెన్నికలలో స్వరాజ్యపక్షము విజృంభింపగా నుదారపక్షము కృశించెను. అటనుండి యా పక్షము మఱల గోలుకొనలేదు. కొన్నియేండ్లకు జింతామణిగారు మరల లీడరునకు బ్రధాన సంపాదకులై, 1927 మొదలు 1936 వఱకు రాష్ట్ర శాసనసభయందును సభ్యులై, ప్రతిపక్ష నాయకులుగ నిలిచిరి. ఉదయము పత్రికలో వ్రాసినదానిని సాయంకాలము సభలో సమర్థించుకొనవలసిన స్థితి సంపాదకునకు మంచిదే. వ్రాయునపుడే మాట తూచి వ్రాయును. 1927లో నొక్క హిందూదేశీయుడైనను లేని సైమను సంఘము నియమింపబడగా, మహాసభతోపాటు మితవాదులును దానిని బహిష్కరించిరి. తేజ్ బహదూరు సప్రూగారితో గూడి చింతామణిగారును ఆ బహిష్కారమున ముందునిలిచిరి. సౌమ్యుని కోపము సామాన్యము గాదని ప్రభుత్వమప్పుడు తెలిసికొన్నది.

1930లో మొదటి రౌండుటేబిలు సమావేశమునకు బ్రతినిధులై లండనునకు బోయిరి. ఉప్పు సత్యాగ్రహమున మహాసభ నాయకులు చెఱసాలలలో నుండిరి. వారు లేని సభలో జేసిన నిర్ణయములకు బ్రజలలో విలువ యుండదని యెల్లరకు దెలిసినదే. 1931లో బొంబాయిలో రెండవసారి యుదారపక్ష మహాసభ కధ్యక్షత వహించిరి. తమ వెనుక నున్నవారు నానాటికి దఱుగుచుండగా నొక నాయకుడు చేయగలిగినవి రెండు: గుంపు పోవువైపునకు దాను బోవుట, లేదా తన మాటను దాను చెప్పుచుండుట. మొదటిది సులభము, లాభకరము. చింతామణిగారు రెండవదానినే కోరిరి. ప్రభుత్వము నిర్బంధశాసనములు ప్రయోగించినప్పుడు, తాము మెచ్చని సత్యాగ్రహుల పక్షమున నిలిచి దానిని ఖండించిరి. మహాసభ తప్పుదారిని బోవుచున్నదని తోచినప్పుడు ఖండించుటకును వెనుదీయలేదు. రెండువైపులవారికిని గిట్టనివాడగుట సంపాదకున కొక విధమైన యోగ్యతాపత్రము.

ఆంధ్రదేశముతో నాయన సంబంధము తెగిపోలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని రావించి యుపన్యాసములు చేయించినది. 1857 మొదలుకొని యప్పటివఱకు గల భారతదేశ రాజకీయ చరిత్రను వా రా యుపన్యాసములలో వివరించిరి. అవి 1937లో నాంగ్లమున గ్రంథరూపమున వెలువడినవి. తాము స్వయముగ నెఱిగిన నాయకులను, చూచిన సభలను గూర్చి చెప్పుటచే నా గ్రంథమునకు జరిత్రకారులయొద్ద నేటికిని విలువగలదు. మఱి 1940లో, ఎం. ఆర్. మసానిగారితో గలసి, 1935 శాసనము క్రింద రాజ్యాంగము పనిచేయుచున్న విధమును గూర్చి యొక గ్రంథము రచించిరి. అఱువదియేండ్ల వయస్సునను గ్రొత్త శాసనమును మొదటినుండి చివఱవఱకు జదివి వ్రాయు నోపిక వారికుండెను. వారి కుమారులలో బాలకృష్ణారావుగారు సివిలుసర్వీసునందుండియు హిందీభాషలో గవిగ బేరుగాంచిరి. తెలుగింటి చెట్టు గంగాతీరమున బూచిన దన్నమాట.

1939లో బ్రభుత్వము వారికి సర్ బిరుదము నిచ్చెను. 1941 జూలై 1వ తేదీని, అఱువదియొకటవ యేట, ప్రయాగలో గాలధర్మము జెందిరి. స్వరాజ్యమునకింక నాఱేండ్లుండెను. తాము కోరిన పద్ధతిని గాక మఱియొక పద్ధతిని వచ్చిన స్వరాజ్యమును జూచు యోగము వారికి లేకపోయెను. వారు నమ్మిన పక్షమును వారితోడనే దాదాపు ముగిసినది. పత్రిక వారి వెనుకను జాలకాలము నడచినది. ఆ పట్టణమునకే 2018లో ప్రయాగరాజని పేరు మాఱినది.

అట్లయిన నీ జీవితము సఫలమా, విఫలమా? పదవిని, పక్షమును, జనాదరమును గొలబద్దలుగ గొన్నచో విఫలమే యని చెప్పవలసియుండును. కాని సంపాదకుని గొలుచుటకు వేఱొక కొలబద్ద గలదు. ఆయన వ్రాసినదానిని ఎదిరిపక్షమువారు నమ్మిరా యనునదే యా కొలబద్ద. చింతామణిగారి యభిప్రాయము నంగీకరింపనివారు వేలకొలదిగ నుండిరి; ఆయన చూపిన యంకెను, తేదీని శంకించినవారు మాత్రము కానరారు. నేటి చర్చలలో గొఱతపడుచున్న దీ నమ్మకమే. టెలివిజనునందు మాటలాడు వాని కభిప్రాయముండుట తప్పుగాదు. అభిప్రాయమునకు ముందు చదువుండకపోవుట తప్పు.

మఱియొక విశేషము. 1938లో లక్నోనగరమున జవహర్లాలుగారు నేషనల్ హెరాల్డు పత్రికను స్థాపించినప్పుడు దానికి మొదటి సంపాదకులు కోటంరాజు రామారావుగారు. 1946లో వారి వెనుక నా పీఠమెక్కినవారు మానికొండ చలపతిరావుగారు. అనగా నా రాష్ట్రమున మితవాదుల పత్రికకును, మహాసభవారి పత్రికకును సంపాదకులు తెలుగువారే. ఎదురెదురు పక్షముల గొంతులు రెండును మన గోదావరీ కృష్ణా వంశధారల నీరు ద్రావిన గొంతులే. మొదట దారి ద్రొక్కినవారు చింతామణిగారు.

ఇట్టి పురుషుని మనవాడని చెప్పుకొనుటకు నేటి మహాసభకు గల హక్కేమి? పుట్టుక యొక హక్కని కొందఱందురు. అది యిల్లు కట్టినవాని పేరు చెప్పి యద్దె వసూలుచేయుటవంటిది. ఆయన సంపాదించినదానిలో మనము పంచుకొనదగినది పేరు గాదు, పద్ధతి. కావున దాతలైన పెద్దలకు నా విన్నపమొక్కటి గలదు. విద్యార్థి వేతనములతోపాటు, మన గ్రామములలో నొక్కొక గ్రంథాలయమున శాసనసభ చర్చలు, ప్రభుత్వ నివేదికలు, ఆదాయవ్యయ పట్టికలు, పదియేండ్ల దినపత్రికలు బాలురకు, బాలికలకు నందుబాటులో నుండునట్లు చేయుడు. పరీక్షలో దప్పినవానిని గూడ నా గదిలోనికి రానిండు. పదునెనిమిదేండ్ల ప్రాయమున నొక చిన్నపత్రికను బట్టుకొని యపజయము పొందినవాడే పిమ్మట నొక రాష్ట్రమునకు గురువైనాడు.

చింతామణిగారి వంటి సత్యనిష్ఠయు, ధారణాశక్తియు, నొంటరిగ నిలుచు ధైర్యమును గలిగిన రాజకీయ లేఖకులు, స్త్రీలుగాని పురుషులుగాని, గోదావరీమాత యొడినుండియు బుట్టుదురు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.